పక్కింట్లో ఎవరుండాలి: అమెరికా సబర్బుల కథ

(స్మారక ఉపన్యాసం పూర్తి పాఠం)



మాస్టారి పేరు ఆహ్వానపత్రం మీద అచ్చయి ఉంది. నేను మాత్రం ఆయన్ని మాస్టారనే అంటాను, పేరు పెట్టి అనడానికి ఇప్పటికీ నోరు రాదు. ఆయన మాకు జాగ్రఫీ చెప్పేవారు. నదులూ ఖనిజాలూ పరీక్షల కోసం చెప్పేసి, మిగిలిన పీరియడ్లలో ఎవరి ఊరి మ్యాపు వాళ్ళచేత గీయించేవారు. చెరువెక్కడ, గుడెక్కడ అని అడిగాక, ఎవరి వీధి తర్వాత ఎవరి వీధి వస్తుందో, ఎవరి ఇళ్ళు ఊరికి ఎంత ఎడంగా ఉన్నాయో గుర్తుపెట్టమనేవారు. అలా ఎందుకుందో మాత్రం చెప్పేవారు కాదు. అడిగితే, ఇంటికెళ్ళి మీ తాతల్ని అడగమనేవారు. ఆయన పేరిట జరిగే సభలో మాట్లాడమన్నప్పుడు, అదే ప్రశ్నను ఈసారి అమెరికా సబర్బును అడగాలనిపించింది.

దానికి కారణం మీరే. ఈ హాల్లో చాలామంది పిల్లలు అక్కడ ఉన్నారు. ఎడిసన్ లోనో, ఫ్రిస్కోలోనో, నేపర్‌విల్ లోనో మీరు ఆరు నెలలుండి వచ్చారు. సాయంత్రం నడకకు వెళ్ళి, చీరలో ఎదురైన ఆవిడతో మీదే ఊరని మాట కలిపారు. అంతా మనవాళ్ళేనని ఇంటికొచ్చి సంబరంగా చెప్పారు. ఆ వీధి అలా ఎప్పుడైంది, అంతకుముందు అక్కడ ఎవరుండేవారు, ఎవరిని ఉండనివ్వలేదు అన్నది ఇవాళ్టి విషయం.

ముందుగా ఒక లెక్క. 2010 జనాభా లెక్కలు వచ్చాక, బ్రూకింగ్స్ సంస్థకు చెందిన జనాభా శాస్త్రవేత్త విలియం ఫ్రే వంద పెద్ద మహానగర ప్రాంతాలను పరిశీలించాడు. అక్కడి నల్లజాతివారిలో 51 శాతం మంది నగరం నడిబొడ్డున కాక చుట్టూ ఉన్న సబర్బుల్లో ఉంటున్నారు. 1990లో అది 37 శాతమే. సబర్బుల్లో మొత్తం జనాభాను తీసుకుంటే తెల్లవారు కానివారు 35 శాతం. పచ్చిక, తెల్లరంగు కంచె, కారు, నలుగురు తెల్లవాళ్ళ కుటుంబం ఉండే పాత హాలీవుడ్ సబర్బు ఇవాళ ఒక జ్ఞాపకం మాత్రమే.

కాలంతోపాటు మనుషులూ మారారని దీన్ని సంతోషంగా చెప్పుకోవచ్చు. నేను అంత సులువుగా ఒప్పుకోను. సబర్బు తెల్లగా ఉండడానికి జనం ఇష్టాయిష్టాలకన్నా కాగితాలూ, ప్రభుత్వ పూచీలూ ఎక్కువ కారణం. తలుపు తెరుచుకున్నదీ చట్టాలవల్లే, కోర్టు తీర్పులవల్లే. తెరుచుకున్నాక రంగురంగుల మనుషులు ఒకే వీధిలో కలిసి ఉండడం మాత్రం ఎవరూ పట్టించుకోకపోతే ఒక తరం కూడా నిలవదు. ఇవాళ నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఈ చివరి సంగతే.

1947లో న్యూయార్కుకు దగ్గర్లోని లాంగ్ ఐలండ్ మీద, బంగాళాదుంపలు పండించిన పొలాల్లో విలియం లెవిట్ ఇళ్ళు కట్టడం మొదలుపెట్టాడు. కార్ల ఫ్యాక్టరీలో పనివాడు ఒకచోట నిలబడితే కారు కదులుతుంది. ఇక్కడ ఇల్లు నిలబడేది, పనివాళ్ళ జట్లు కదిలేవి. ఒక జట్టు పునాది పోసి వెళితే ఇంకోటి గోడలు ఎత్తేది, మరోటి రంగులు వేసేది. నాలుగేళ్ళలో 17 వేలకు పైగా ఇళ్ళు లేచాయి. ఇల్లు 7,990 డాలర్లు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడికైతే చేతిలో డబ్బు పెద్దగా అక్కర్లేదు. ఆ ఊరికి లెవిట్‌టౌన్ అని పేరు పెట్టారు. అమెరికా మధ్యతరగతి పుట్టిల్లు ఏదంటే నేను దాన్నే చూపిస్తాను. మొదట్లో వాళ్ళిచ్చిన ఒప్పంద పత్రంలో కాకేసియన్ జాతివారు కానివారెవరూ ఆ ఇంట్లో ఉండకూడదన్న షరతు ఉంది. ఇంటి పనివాళ్ళకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. అంట్లు తోమే మనిషికి అభ్యంతరం లేదు, తలుపు తాళం మాత్రం ఆమె చేతికి రాకూడదు. ఈ ఏర్పాటు మనకు కొత్తదేమీ కాదు.

లెవిట్ చెడ్డవాడని తేల్చేస్తే కథలో సగం పోతుంది. అతని వెనక ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఉంది. 1934లో పుట్టిన ఈ సంస్థ ఇళ్ళు కట్టదు, అప్పులివ్వదు. బ్యాంకులిచ్చే ఇంటి అప్పుకు పూచీ పడుతుంది. ఆ పూచీ ఉంటేనే తక్కువ వడ్డీకి దీర్ఘకాలం అప్పు పుడుతుంది, లేకపోతే మామూలు జీతగాడికి ఇల్లన్నది కలే. జాతులు కలిసిన చోట ఇంటి విలువ నిలవదన్నది ఆ సంస్థ నియమావళిలోనే ఉండేది. జాతి నిషేధం రాసుకున్న కాలనీలకు అక్కడ మంచి మార్కులు పడేవి. డెట్రాయిట్ లో 1941లో ఒక బిల్డరు నల్లజాతివారి బస్తీ పక్కన తెల్లవారికోసం ఇళ్ళు వేయబోతే పూచీ దొరకలేదు. అతను రెంటికీ మధ్య ఆరడుగుల ఎత్తున, అర మైలు పొడవున కాంక్రీటు గోడ కట్టించాడు. పూచీ వచ్చింది. ఆ గోడ ఇప్పటికీ ఉంది, దాని మీద పిల్లల బొమ్మలు వేసి రంగులద్దారు.

1948లో సుప్రీం కోర్టు షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో, ఇలాంటి జాతి ఒప్పందాలను కోర్టుల ద్వారా అమలు చేయించడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. షెల్లీ సెయింట్ లూయిస్ లో ఇల్లు కొన్న నల్లజాతి కుటుంబీకుడు. అదే తీర్పులో కలిపి తేల్చిన డెట్రాయిట్ కేసును వాదించిన లాయరు తుర్గూడ్ మార్షల్. ఈయన పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాడు. తీర్పు వచ్చాక లెవిట్ షరతును పత్రంలోంచి తీసేశాడు గాని పద్ధతి మార్చుకోలేదు. 2010లో కూడా లాంగ్ ఐలండ్ లెవిట్‌టౌన్ లో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది తెల్లవాళ్ళే. నల్లజాతివారు నూటికి ఒక్కరు. 60 ఏళ్ళకింద ఒక కాగితం మీద గీసిన గీత, ఆ కాగితం చెల్లకుండా పోయాక కూడా నేలమీద అలాగే నిలిచింది. మొదట కొన్నవాళ్ళ ఇళ్ళ విలువ ఏళ్ళు గడిచేకొద్దీ ఎన్నో రెట్లు పెరిగి, పిల్లల కాలేజీ చదువులై, వాళ్ళ ఇళ్ళ ముందస్తు చెల్లింపులై తరాలు దిగింది. అమెరికాలో తెల్ల, నల్ల కుటుంబాల ఆస్తుల మధ్య ఉన్న అగాధానికి మొదటి మెట్టు అక్కడ ఉంది.

లెవిట్ రెండో ఊరు పెన్సిల్వేనియాలో కట్టాడు. 1957 ఆగస్టులో విలియం, డైసీ మైయర్స్ అనే నల్లజాతి దంపతులు ముగ్గురు చిన్నపిల్లలతో అక్కడి ఒక ఇంట్లో దిగారు. ఇల్లు లెవిట్ అమ్మలేదు, మొదటి సొంతదారు అమ్మాడు. విలియం యుద్ధంలో పనిచేసి వచ్చినవాడే. ఆ సాయంత్రానికే గుంపు చేరింది. రాత్రుల తరబడి రాళ్ళు పడ్డాయి. వెనకింట్లో కొందరు చేరి పెద్ద సౌండుతో పాటలు పెట్టి నిద్రపోనివ్వలేదు. శిలువలు తగలబెట్టారు. గవర్నరు రాష్ట్ర పోలీసులను పంపాల్సొచ్చింది. పక్కనున్న ఒక యూదు కుటుంబం మాత్రం వాళ్ళకు అండగా నిలబడి అవే మాటలు పడింది. మైయర్స్ కుటుంబం బెదిరి పారిపోలేదు, కొన్నేళ్ళు అక్కడే ఉంది.

నాకు ఎక్కువ ఆసక్తి మూడో ఊరి మీద. న్యూజెర్సీలో బర్లింగ్టన్ కౌంటీలో 1958లో లెవిట్ దీన్ని మొదలుపెట్టి, ఇక్కడా నల్లవాళ్ళకు అమ్మనని బాహాటంగానే ప్రకటించాడు. విల్లీ జేమ్స్ అనే నల్లజాతి సైనికాధికారి కేసు వేశాడు. 1960లో రాష్ట్ర సుప్రీం కోర్టు లెవిట్ కు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. హెర్బర్ట్ గాన్స్ అనే సామాజిక శాస్త్రవేత్త తనే అక్కడ ఇల్లు కొనుక్కుని రెండేళ్ళుండి ఆ ఊరి మీద పెద్ద పుస్తకం రాశాడు. ఊరివాళ్ళు 1963లో లెవిట్‌టౌన్ పేరు వద్దనుకుని పాత పేరు విల్లింగ్‌బరోకి తిరిగి వెళ్ళారు. సైనిక స్థావరాలు దగ్గర కావడంతో సైన్యంలో పనిచేసిన నల్లజాతి కుటుంబాలు వచ్చాయి. 1960లో తెల్లవారు కానివారు అరవైమంది, 1970కి ఐదువేలు దాటారు, జనాభాలో 11.7 శాతం.

అంటే నూటికి ఎనభై ఎనిమిదిమంది ఇంకా తెల్లవాళ్ళే. అయినా ఊళ్ళో గుబులు మొదలైంది. రియల్ ఎస్టేట్ ఏజెంట్లలో ఒక రకం వ్యాపారం అప్పటికే స్థిరపడి ఉంది. ఒక వీధిలో ఒక ఇల్లు నల్లజాతివారికి అమ్మించి, మిగతా తలుపులు తట్టి, ధరలు పడకముందే అమ్మేసుకోమని చెవిలో వేయడం, భయపడ్డవాడి దగ్గర తక్కువకు కొని, వేరే దారిలేని నల్లజాతివాడికి ఎక్కువకు అమ్మడం. వీధిలో 'ఫర్ సేల్' బోర్డులు వరసగా లేస్తే మిగతావాళ్ళ గుండె జారుతుంది. అందుకని విల్లింగ్‌బరో 1974లో ఇళ్ళముందు ఆ బోర్డులను నిషేధించింది. కేసు సుప్రీం కోర్టుకు వెళ్ళింది. ఊరి ఉద్దేశం మంచిదే అయినా నిజమైన సమాచారాన్ని పౌరులకు అందకుండా చేసే అధికారం దానికి లేదని 1977లో కోర్టు నిషేధాన్ని కొట్టేసింది. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి తుర్గూడ్ మార్షల్. జాతి ఒప్పందాలను కూల్చడానికి వాదించిన మనిషే, కలిసి ఉండాలని ఒక ఊరు పడ్డ తాపత్రయాన్ని కాదనాల్సొచ్చింది. తీర్పు చట్టప్రకారం సరైనదేనని నా అభిప్రాయం. ఊరు మాత్రం నిలవలేదు. 2010 నాటికి విల్లింగ్‌బరోలో పదిమందికి ఏడుగురు నల్లజాతివారు.

ఇందులో దుర్మార్గులు ఎంతమందీ అని అడిగితే, లెక్కకు పెద్దగా తేలరు. థామస్ షెల్లింగ్ అనే ఆర్థికవేత్త 1971లో ప్రచురించిన వ్యాసంలో దీన్ని చిన్న ఆటలా చూపించాడు. గళ్ళ పలక మీద రెండు రకాల నాణేలు చెదురుమదురుగా పరచండి. ప్రతి నాణేనికీ ఒకే కోరిక, చుట్టూ ఉన్నవాటిలో కనీసం మూడో వంతు తన రకానివి ఉండాలి. ఉంటే కదలదు, లేకపోతే నచ్చిన ఖాళీ గడికి వెళుతుంది. కాసేపు ఆడితే పలక నిండా విడివిడి గుంపులు తేలతాయి. ఎవరూ వేరుపడాలని కోరలేదు, ఎదుటివాడిని ద్వేషించలేదు. తనవాళ్ళు కొందరుంటే చాలనుకున్నారు, అంతే. షెల్లింగ్ కు 2005లో నోబెల్ వచ్చింది. ఈ ఆటను మన అపార్ట్‌మెంటు సంఘాలవాళ్ళు ఒకసారి ఆడిచూడాలి.

పలకమీద నాణేలు వాటంతటవి విడిపోతాయి గనుక, కలిసి ఉండాలంటే ఎవరో ఒకరు పూనుకోవాలి. షికాగో పడమటి అంచున ఓక్ పార్క్ అనే ఊరు పూనుకుంది. ఆ ఊరికీ మచ్చ లేకపోలేదు. పెర్సీ జూలియన్ అనే నల్లజాతి రసాయన శాస్త్రవేత్త, సోయా గింజల నుంచి హార్మోన్లు తీసే పద్ధతులతో పేరు తెచ్చుకున్న మనిషి, 1950లో అక్కడ ఇల్లు కొన్నాడు. ఆయన్ని ఒక పత్రిక షికాగో నగరంలో ఆ ఏటి మేటిగా ఎంచింది. ఆ ఏడే ఆ ఇంటికి నిప్పు పెట్టారు, మరుసటేడు డైనమైటు విసిరారు. జూలియన్ కుటుంబం ఊరు వదల్లేదు. 1960లలో ఓక్ పార్క్ ను ఆనుకుని ఉన్న షికాగో పేట ఆస్టిన్ లో తెల్లవాళ్ళు వీధుల లెక్కన ఖాళీ చేయడం మొదలైంది. 1960లో దాదాపు పూర్తిగా తెల్లవారిదైన ఆ పేట 1980 నాటికి మూడొంతుల మేర నల్లజాతివారిదైంది. మధ్యన ఉన్నది ఒక రోడ్డు. ఆ రోడ్డు దాటి తమ వంతు వస్తుందని ఓక్ పార్క్ కు తెలుసు.

1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికే దేశం మొత్తానికీ ఇళ్ళ అమ్మకాల్లో, అద్దెల్లో జాతి వివక్షను నిషేధించే చట్టం వచ్చింది. ఓక్ పార్క్ అదే ఏడు తన సొంత చట్టం చేసుకుంది. 1972లో రాబర్టా రేమండ్ అనే మహిళ ఒక హౌసింగ్ సెంటరు పెట్టింది. అద్దెకు ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన తెల్లవాళ్ళకు, ఆస్టిన్ ను ఆనుకున్న తూర్పువైపు ఇళ్ళు చూపించేవారు. నల్లజాతివారికి ఊరంతా చూపించేవారు. మామూలు ఏజెంటు చేసే పనిని తిరగేసి చేశారన్నమాట. మునిసిపల్ కార్యాలయాన్ని తెచ్చి తూర్పువైపు కట్టారు, ఊరు ఆ వైపును వదిలెయ్యదని చెప్పడానికి. 1978లో ఇంకో అడుగు వేసి, ఇంటి విలువ పడిపోతే నష్టంలో ఎక్కువ భాగం ఊరే భరిస్తుందని బీమా పెట్టారు. చేరినవాళ్ళు కొద్దిమందే. బీమా ఉందన్న మాటకే భయం సగం తగ్గింది. తెల్లవాళ్ళు గుంపుగా లేచిపోలేదు. 2010లో నల్లజాతివారు ఐదోవంతు పైచిలుకు.

ఈ ఊరిని స్వర్గమని చెప్పను. తెల్లవాళ్ళ మనసు నొప్పించకుండా నల్లజాతివారిని పలచగా చల్లారన్న విమర్శ ఉంది, అందులో నిజముంది. ఆస్టిన్ వైపు వీధులు కొన్నిటిని మూసి దారి మళ్ళించడమూ నాకు మింగుడుపడదు. 2018లో స్టీవ్ జేమ్స్ తీసిన 'అమెరికా టు మీ' అనే డాక్యుమెంటరీ సిరీస్ అక్కడి హైస్కూలు మీదే. ఒకే బడిలో తెల్లపిల్లలూ నల్లపిల్లలూ ఎట్లా రెండు బళ్ళలో చదువుతున్నారో అందులో చూడొచ్చు. అయినా పూనుకున్న ఊరికీ, వదిలేసిన ఊరికీ తేడా కళ్ళెదుట ఉంది.

వదిలేసిన ఊరు కావాలంటే ఫెర్గూసన్. షెల్లీ గెలిచిన సెయింట్ లూయిస్ అంచునే. 1990లో నాలుగింట మూడొంతులు తెల్లవాళ్ళు, 2010లో మూడింట రెండొంతులు నల్లజాతివారు. జనం మారారు గాని పోలీసులూ, కౌన్సిలూ, కోర్టూ మారలేదు. పన్నులు చాలక ఊరు జరిమానాల మీద బతకడం నేర్చింది, అవి ఎవరి మీద పడేవో చెప్పక్కర్లేదు. 2014 ఆగస్టులో మైకేల్ బ్రౌన్ అనే కుర్రాణ్ణి పోలీసు కాల్చి చంపాక ప్రపంచానికి ఆ ఊరి పేరు తెలిసింది. మరుసటేడు న్యాయశాఖ నివేదిక ఆ జరిమానాల వ్యవహారమంతా బయటపెట్టింది. రంగులు కలిసినంత మాత్రాన అధికారం కలవదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

ఇప్పటిదాకా ఇది వాళ్ళ గొడవ అనిపించి ఉంటుంది. కాదు. తెలుగువాళ్ళలో చాలామంది చూసిన ఒక సబర్బు ఉంది, పిట్స్‌బర్గ్ శివార్లలోని పెన్ హిల్స్. 1976-77లో తిరుమల తిరుపతి దేవస్థానాల సాయంతో వెంకటేశ్వర స్వామి గుడి వెలసింది అక్కడే. తొలితరం వలసవాళ్ళు నాలుగైదు రాష్ట్రాలు దాటి కార్లలో వెళ్ళి పెళ్ళిళ్ళూ పుట్టువెంట్రుకలూ జరిపించుకున్న కొండ అది. పులిహోర ప్రసాదం తిన్నాం, ఫొటోలు దిగాం, వచ్చాం. ఆ ఊరేమైందని చూడలేదు. 1970లో 60 వేలు దాటిన జనాభా 2020లో 41 వేలు. స్టీలు మిల్లులు పోయాయి, తెల్లవాళ్ళు ఇంకా దూరపు కొత్త సబర్బులకు వెళ్ళారు, నల్లజాతి కుటుంబాలు మంచి బడికోసం వచ్చాయి. వచ్చేసరికి మిగిలింది పాత మురుగుకాలువల మరమ్మతు ఖర్చూ, కోట్ల డాలర్ల అప్పులో మునిగిన బడీ. ఆ ఊళ్ళోనే పుట్టిపెరిగిన తెల్లజాతి విలేకరి బెంజమిన్ హెరాల్డ్ 2024లో 'డిసిల్యూజన్డ్' అనే పుస్తకంలో ఈ కథ రాశాడు. మొదట దిగినవాళ్ళు కొత్త రోడ్లూ కొత్త పైపులూ అనుభవించి, బిల్లు వచ్చే వేళకు ఇల్లు మారతారు. ఆ బిల్లు తర్వాత వచ్చినవాళ్ళ చేతికి వస్తుంది.

మనం ఆ దేశంలోకి ఏ తలుపునుంచి వెళ్ళామో కూడా చూడాలి. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవాళ్ళు కారని, పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీం కోర్టు తేల్చింది. అంతకుముందే పౌరసత్వం పొందిన వైష్ణోదాస్ బగాయ్ దాన్ని పోగొట్టుకుని 1928లో ప్రాణం తీసుకున్నాడు. ఆ కుటుంబం బర్క్‌లీలో ఇల్లు కొని సామాన్లతో వెళితే ఇరుగుపొరుగువారు ఇంటికి తాళాలు వేసి అడ్డుకున్నారు. ఆయన భార్య కళా బగాయ్ పేరు ఇప్పుడు అదే బర్క్‌లీలో ఒక వీధికి పెట్టారు. మనకు దారి తెరిచింది 1965 వలస చట్టం. దాని వెనక ఉన్నది నల్లజాతివారు వీధుల్లో దెబ్బలు తిని సాధించిన పౌరహక్కుల ఉద్యమం. 1990 చట్టంతో హెచ్-1బీ వచ్చింది, వైటూకే వచ్చింది, మనవాళ్ళు నగరం మెట్లెక్కకుండానే నేరుగా సబర్బులో దిగారు. 2010కీ 2017కీ మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారు 86 శాతం పెరిగారు. డల్లాస్ పక్కన ఫ్రిస్కో 1990లో ఆరువేల జనాభా ఉన్న చిన్న ఊరు, 2020లో రెండు లక్షలు.

న్యూజెర్సీకే తిరిగొద్దాం. ఎడిసన్ లో 2010 నాటికి లక్ష జనాభాలో నాలుగోవంతు పైగా భారతీయ మూలాలవారు. వెలవెలబోతున్న ఓక్ ట్రీ రోడ్డు దుకాణాలకు మళ్ళీ దీపం పెట్టింది వీళ్ళే. 1990లలో నవరాత్రి ఆటపాటల శబ్దం మీద టౌన్‌షిప్ ఆంక్షలు పెడితే విషయం ఫెడరల్ కోర్టుకెక్కింది. 2022లో మేయరు కుర్చీ ఎక్కిన సామ్ జోషి భారతీయ అమెరికన్. ఇదంతా ఒక తరంలో జరిగింది. ఇంకో పక్కన, కాన్సస్ సిటీ సబర్బు ఒలేతేలో 2017 ఫిబ్రవరి 22న మన హైదరాబాదు ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్లను ఒకడు మీ దేశానికి పొమ్మని అరుస్తూ కాల్చి చంపాడు. ఆపబోయిన స్థానికుడొకరికి తూటా దిగింది. ఒలేతే ఉన్న జాన్సన్ కౌంటీ, జె.సి. నికల్స్ అనే బిల్డరు జాతి ఒప్పందాలను పత్రాల్లో పాతుకునేలా చేసిన ప్రాంతం.

ఇక చేదు మాట. ఇల్లు కొనబోయే మనవాడు మొదట చూసేది స్కూల్ రేటింగు. తొమ్మిదా, పదా? ఆ అంకెలో టీచరు ప్రతిభకన్నా తల్లిదండ్రుల ఆదాయమే ఎక్కువ కనిపిస్తుంది. తక్కువ అంకె పక్కన ఎవరుంటారో మనకు తెలుసు, ఆ ఏరియా బాగుండదని ఫోన్లో చెప్పుకునేటప్పుడు ఎవరి రంగు తలచుకుంటామో కూడా తెలుసు. న్యూస్‌డే పత్రిక మూడేళ్ళు శ్రమించి, ఒకే ఆదాయమున్న తెల్ల, నల్ల, హిస్పానిక్, ఆసియా కొనుగోలుదార్లుగా మనుషుల్ని లాంగ్ ఐలండ్ ఏజెంట్ల దగ్గరికి పంపింది. 2019లో బయటపెట్టిన ఫలితం ప్రకారం, నల్లజాతివారు వెళ్ళినప్పుడు దాదాపు సగం సార్లు తేడా చూపారు. ఆసియావారి విషయంలో ఐదోవంతు సార్లు. మనకు తగిలింది తక్కువే, గీతకు ఏ వైపు ఉన్నామన్నది తేలకుండానే బతికేస్తున్నాం. ఇల్లు అద్దెకిచ్చే ముందు "మీరేవిట్లు?" అని అడిగే ఊళ్ళనుంచి వెళ్ళినవాళ్ళం, అక్కడి గీతలు మనకు వెంటనే అర్థమవుతాయి. అర్థమైనంత తొందరగా అలవాటూ అవుతాయి.

న్యూజెర్సీలోనే వెస్ట్ విండ్సర్-ప్లెయిన్స్‌బరోలో 2015లో సూపరింటెండెంటు పిల్లల మీద చదువు ఒత్తిడి తగ్గించాలని హోంవర్కు, పరీక్షలు కుదించబోతే ఊరు రెండుగా చీలింది. తెల్లవాళ్ళలో ఎక్కువమంది సరేనన్నారు, ఆసియా తల్లిదండ్రుల్లో ఎక్కువమంది వద్దన్నారు. నాకు ఇద్దరి మీదా సానుభూతి ఉంది. ఎనిమిది వేల మైళ్ళు దాటి వచ్చింది చదువుకోసమేనన్న మనిషినీ, తన బిడ్డ నిద్రపోవడం లేదన్న మనిషినీ తప్పుపట్టలేను. ఇలాంటి గొడవను ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోకపోతే, ఎవరో ఒకరు ఇల్లు అమ్ముకుని వెళతారు. పలకమీద నాణెం కదిలినట్టే.

చివరిగా విల్లింగ్‌బరో ఉన్న బర్లింగ్టన్ కౌంటీలోనే మౌంట్ లారెల్ అనే ఊరి సంగతి చెప్పి ముగిస్తాను. తరాలుగా అక్కడే ఉన్న ఎథెల్ లారెన్స్ అనే నల్లజాతి టీచరు, తక్కువ ఆదాయాలవాళ్ళకు అపార్ట్‌మెంట్లు కట్టనివ్వమని అడిగితే ఊరు ఒప్పుకోలేదు. పెద్ద స్థలాల్లో విడి ఇళ్ళు మాత్రమే కట్టాలన్న నిబంధన అడ్డం పెట్టారు. జాతి పేరెత్తకుండా జాతిని దూరంపెట్టే పద్ధతి అది. 1975లో రాష్ట్ర సుప్రీం కోర్టు, ప్రతి ఊరూ తన వంతు చౌక ఇళ్ళకు చోటివ్వాల్సిందేనని చెప్పింది. 1983లో మరింత గట్టిగా చెప్పింది. ఆమె పేరిట ఇళ్ళు లేచేసరికి ఆమె లేరు. ధరలు పడతాయని, నేరాలు పెరుగుతాయని, పన్నులు మోతెక్కుతాయని చుట్టుపక్కలవాళ్ళు గగ్గోలు పెట్టారు. సామాజిక శాస్త్రవేత్త డగ్లస్ మాస్సీ బృందం ఏళ్ళ తరబడి లెక్కలు తీసి 2013లో పుస్తకం వేసింది. చుట్టుపక్కల ఇళ్ళ ధరలు పడలేదు, నేరాలు పెరగలేదు, పన్నులూ పెరగలేదు. వచ్చినవాళ్ళ బతుకులు మాత్రం బాగుపడ్డాయి.

ఇలాంటి ప్రతిపాదనలు ఇప్పుడు మన పిల్లలుండే ఊళ్ళకూ వస్తున్నాయి. అపార్ట్‌మెంట్లు వద్దు, రీసేల్ వాల్యూ పోతుంది, బడి రేటింగు పడుతుంది అంటూ వాట్సాప్ గ్రూపుల్లో సంతకాల కాగితాలు తిరుగుతున్నాయి. మీ అబ్బాయి, మీ అమ్మాయి ఈసారి ఫోన్ చేసినప్పుడు అడగండి. సంతకం పెట్టారేమో కనుక్కోండి. పెట్టకపోతే పెట్టొద్దని చెప్పండి, టౌన్‌షిప్ మీటింగుకు వెళ్ళి ఇళ్ళు కట్టనివ్వమని ఒక్క మాట అనమని చెప్పండి.